పచ్చగా కనిపించిన మూడో పాడ్

2023 వానాకాలం. సూరత్‌లో అడాజన్ వైపు ఒక కాంప్లెక్స్ మూడో అంతస్తులో మా ఆఫీసు. మొత్తం పదకొండు మందిమి. ఆసుపత్రులకూ ల్యాబులకూ సాఫ్ట్‌వేర్ రాస్తాం, రాసినదాన్ని మేమే నడిపిస్తాం. నడిపించే భాగం నాది. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఈ ఊళ్లోనే భేస్తాన్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశాడు. నేను ఇక్కడే పుట్టి, మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివి, తర్వాత గుజరాతీలోకీ ఇంగ్లిష్‌లోకీ మారినదాన్ని. నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ సరిగా చెప్పలేను. "కంప్యూటర్లు మంచిగున్నయా లేవా చూస్తది" అని చుట్టాలకు చెబుతుంది. నిజానికి అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

అయినా కాస్త వివరిస్తాను, లేకపోతే ఆ రోజు జరిగింది అర్థం కాదు. ఒక ప్రోగ్రాంను, అది నడవడానికి కావలసిన సరంజామాతో సహా ఒకే మూటగా కడితే దాన్ని కంటైనర్ అంటారు. ఆ మూటలను మోసే యంత్రాలు నోడ్‌లు. నోడ్‌లన్నీ కలిస్తే క్లస్టర్. నడుస్తున్న ఒక్కో మూటను మేం పాడ్ అంటాం. ఒకే ప్రోగ్రాంను మూడు పాడ్‌లుగా మూడు నోడ్‌ల మీద పెడతాం, ఒకటి పడిపోయినా మిగతా రెండూ పని నడిపిస్తాయని. బయటి నుంచి వచ్చే ప్రశ్నలు వరసగా ఒకదాని తర్వాత ఒకటికి వెళతాయి. క్లస్టర్‌ను నడిపే ప్లాట్‌ఫాం కొన్ని సెకన్లకోసారి ప్రతి పాడ్‌నూ "బాగున్నావా?" అని అడుగుతుంది. "బాగున్నా" అంటే పచ్చ గుర్తు, జవాబు రాకపోతే ఎర్ర గుర్తు. దీన్ని హెల్త్ చెక్ అంటారు. కొత్త వెర్షన్ ఎక్కించిన ప్రతిసారీ క్లస్టర్ ఆరోగ్యం చూసి, "అయిపోయింది" అని చెప్పాల్సింది నేను.

మా ఖాతాదారుల్లో ఒక బ్లడ్ సెంటర్ ఉంది. దాతల నుంచి రక్తం తీసుకుని, పరీక్షలు చేసి, నగరంలోని నాలుగైదు ఆసుపత్రుల్లో ఉండే చిన్న స్టోరేజ్ యూనిట్లకు బ్యాగులు పంపుతుంది. ఏ ఫ్రిజ్‌లో ఏ బ్యాగు ఉంది, దాన్ని ఎవరికి ఇవ్వవచ్చు అన్నది మా సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. ఒక్కోసారి దాత ఇంటికి వెళ్లాక ఫోన్ చేస్తాడు: "నాకు జ్వరం వచ్చింది, టెస్టులో మలేరియా అన్నారు" అని. ఇచ్చిన రోజు పరీక్షలో తేలనిది తర్వాత బయటపడవచ్చు. అప్పుడు సెంటర్ డాక్టర్ ఆ బ్యాగు మీద హోల్డ్ పెడుతుంది. హోల్డ్ పడితే స్క్రీన్ మీద ఆ బ్యాగు ఎర్రబడుతుంది, ఎవరూ దాన్ని ఇష్యూ చేయలేరు. సాఫ్ట్‌వేర్ రాకముందు ప్రతి హోల్డ్‌కూ యూనిట్‌కు ఫోన్ చేసేవారు. మేం వచ్చాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఫోన్లు ఆగడాన్ని మా గొప్పల్లో ఒకటిగా నేనే ఒక మీటింగులో చెప్పాను.

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండింటికి కొత్త వెర్షన్ ఎక్కించాను. పావుగంటలో అయిపోయింది. నా జాబితా తీసి ఒక్కొక్కటీ చూశాను. మూడు పాడ్‌లూ నడుస్తున్నాయి, మూడూ పచ్చగా ఉన్నాయి. ఎక్కడా రీస్టార్ట్ లేదు, లాగ్‌లో ఎర్రర్ లేదు. బయటివాళ్ల ప్రశ్నలు వచ్చే ముందు గుమ్మం నుంచి ఒక ప్రశ్న వేసి చూస్తే సరైన జవాబే వచ్చింది.

మా యజమాని హార్దిక్‌భాయ్ తన బల్ల దగ్గర్నుంచే అడిగాడు, "బధా గ్రీన్ ఛే నే?" అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా అని.

"హా, అన్నీ గ్రీన్" అన్నాను. సెంటర్‌కు మెసేజ్ పంపి టీ తెచ్చుకున్నాను.

రెండున్నరకు ఫోన్ మోగింది. సుజాతక్క. భేస్తాన్‌లో మా వీధే ఆమెది, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, అటువైపే ఒక పిల్లల ఆసుపత్రిలో స్టోరేజ్ యూనిట్ చూసుకుంటోంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ చిన్న తేడా వచ్చినా కంపెనీ నంబరుకు చేయదు, నాకే చేస్తుంది.

"స్వప్నా, జర ఇది చూడవే. పొద్దుగాల సెంటర్ నుంచి మూడు బ్యాగులు దించుకున్న. ఫ్రిజ్‌ల మొత్తం పద్నాలుగు. స్క్రీన్ మీద ఒకపారి పద్నాలుగు జూపెడుతుంది, ఒకపారి పదకొండు జూపెడుతుంది."

"ఇప్పుడే కొత్త వెర్షన్ పెట్టినం అక్కా. బ్రౌజర్ ఒకపారి మూసి తెరువు. పాత పేజీ ఉండిపోయుంటది."

"గంతేనా?"

"గంతే."

ఈ మాట మా వృత్తిలో ఎంత సులువుగా నోటికి వస్తుందో చెప్పలేను. పది సార్లలో తొమ్మిది సార్లు అది నిజం కూడా అవుతుంది. నేను ఫోన్ పెట్టేసి వేరే పనిలో పడ్డాను.

మూడింటికి ఇంకా పది నిమిషాలుందనగా మళ్లీ ఆమే.

"నువ్వు జెప్పినట్టు మూసి తెరిచిన. కంప్యూటరే బంద్ జేసి చాలూ జేసిన. గదే కత. నీకు నమ్మకం గాదని కాయితం మీద రాసిపెట్టిన, విను. పద్నాలుగు, పద్నాలుగు, పదకొండు. పద్నాలుగు, పద్నాలుగు, పదకొండు. పన్నెండుపార్లు నొక్కిన. ఒక్కపారి గూడ తప్పలే."

ప్రతి మూడోసారీ తప్పు. నా దగ్గర ఉన్నవి మూడు పాడ్‌లు.

"అక్కా, లైన్‌లో ఉండు" అని ఫోన్ బల్ల మీద పెట్టి, ఈసారి ముందు గుమ్మం నుంచి కాకుండా ఒక్కో పాడ్‌నూ నేరుగా అడిగాను. మొదటిది పద్నాలుగు అంది. రెండోది పద్నాలుగు. మూడోది పదకొండు. ఆ మూడోదాని పక్కన పచ్చ గుర్తు వెలుగుతూనే ఉంది.

దాని లాగ్ తెరిచి మొదటి నుంచి చదివాను. మొదలైన కాసేపటికే ఒక లైను కనబడింది: డేటాబేస్ అందడం లేదు, దాచిపెట్టిన నకలు వాడుతున్నాను. ఆ వాక్యం నేను రాసిందే. రెండేళ్ల కిందట, బ్యాగుల లెక్కలన్నీ ఉండే డేటాబేస్ ఒక్క క్షణం అందకపోయినా ఆసుపత్రివాళ్లకు స్క్రీన్ ఖాళీగా కనబడకూడదని, ముందురోజు రాత్రి తీసిన నకలును చూపించే ఏర్పాటు చేశాను. ఆ సమయంలో వచ్చే కొత్త నమోదులను పాడ్ తన జ్ఞాపకంలో ఒక క్యూగా పెట్టుకుని, డేటాబేస్ అందాక పంపుతుంది. అది ఎర్రర్ కాదు, చిన్న హెచ్చరిక అనుకున్నాను కనుక నా జాబితాలో దానికి చోటు లేదు. హెల్త్ చెక్ కూడా నేను రాసిందే. ప్లాట్‌ఫాం "బాగున్నావా?" అని అడిగితే, డేటాబేస్ వైపు తిరిగి చూడకుండానే "బాగున్నా" అనే ఒకే ఒక్క లైను.

కారణం కూడా అప్పుడే తెలిసిపోయింది. ముందు వారం పాత నోడ్ ఒకటి తీసేసి కొత్తది పెట్టాం. ఏ యంత్రాన్ని డేటాబేస్ దగ్గరికి రానివ్వాలో చూసే ఫైర్‌వాల్‌కు ఆ కొత్త యంత్రం చిరునామా ఎవరూ చెప్పలేదు. ఆ ఎవరూ అన్నది కూడా నేనే. ఈ రోజు దాకా దాని మీదికి పాడ్ వెళ్లలేదు కనుక తెలియలేదు.

కారణం దొరికిందన్న తృప్తి అర నిమిషం కూడా నిలవలేదు. మూడో పాడ్ నిన్న రాత్రి లోకంలో ఉంది. దానికి ఈ రోజు వచ్చిన బ్యాగులు తెలియవు. అంటే ఈ రోజు పెట్టిన హోల్డ్‌లు కూడా తెలియవు.

హార్దిక్‌భాయ్ నా ముఖం చూసి లేచి వచ్చాడు. స్క్రీన్ చూసి, "డిలీట్ కరీ నాఖ్" అన్నాడు. ఆ పాడ్‌ను తీసిపారేయమని. ఎవరైనా అదే చెబుతారు. పాడ్ చెడితే తీసేస్తాం, ప్లాట్‌ఫాం కొత్తది పెడుతుంది. నా వేళ్లు కూడా ఆ ఆదేశమే టైప్ చేస్తున్నాయి. సగంలో ఆగాను.

"వద్దు. దాని క్యూ దాని జ్ఞాపకంలోనే ఉంది. ఇది పోతే, ఇది ఎవరికి ఏ బ్యాగు ఇవ్వమందో మనకు ఎప్పటికీ తెలియదు."

పాడ్‌ను చంపకుండా వరస నుంచి తప్పించే పద్ధతి ఒకటుంది. దానికి ఉన్న లేబుల్ మార్చేస్తే కొత్త ప్రశ్నలు దానికి వెళ్లవు, కానీ అది బతికే ఉంటుంది. అలా చేశాను. తర్వాత దాని క్యూ బయటికి తీశాను. నలభై ఐదు నిమిషాల్లో నాలుగు ఇష్యూలు. నాలుగు బ్యాగుల నంబర్లూ అసలు డేటాబేస్‌లో వెతికాను. మొదటిది సరే. రెండోది సరే. మూడోదాని పక్కన హోల్డ్. పెట్టిన సమయం మధ్యాహ్నం పన్నెండు దాటాక. కారణం: దాతకు మలేరియా. ఇష్యూ చేసింది పిల్లల ఆసుపత్రి యూనిట్, రెండూ నలభై ఒకటికి. నాలుగోది నేను అప్పుడు చూడలేదు.

ఫోన్ తీసుకున్నాను. సుజాతక్క ఇంకా లైన్‌లోనే ఉంది.

"అక్కా, నంబరు చివరి నాలుగంకెలు మూడు, ఎనిమిది, సున్నా, ఏడు. ఆ బ్యాగు యాడుంది?"

"గిప్పుడే కదా పైకి పంపిన. జియా అని, తలసేమియా పిల్ల. మూడు వారాలకోపారి రక్తం ఎక్కిచ్చుకోను వస్తది. ఏమైందే?"

"దాని మీద హోల్డ్ ఉంది. దాతకు మలేరియా. ఎక్కియ్యొద్దక్కా."

"నాకు పచ్చగనే జూపెట్టింది గదనే!"

"తప్పు చూపించింది. వార్డుకు ఫోన్ చెయ్."

ల్యాండ్‌లైన్ నొక్కుతున్న చప్పుడు వినిపించింది. "బిజీ వస్తుంది" అంది. తర్వాత కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. సెల్‌ఫోన్ చేతిలోనే పట్టుకుని పరుగెత్తినట్టుంది. మెట్ల మీద ఆమె చెప్పులు, ఆమె ఊపిరి, ఎవరినో "హటో, హటో" అనడం, అన్నీ నా చెవిలో. వార్డు రెండో అంతస్తులో. ఎన్ని మెట్లున్నాయో నాకు తెలియదు. నేను చేయగలిగింది ఇక ఏమీ లేదు. బ్యాగు ఫ్రిజ్ నుంచి బయటికి వచ్చాక అరగంటలో ఎక్కించడం మొదలుపెడతారని నాకు తెలుసు. ఆ లెక్కన ఇప్పటికే మొదలై ఉండాలి. హార్దిక్‌భాయ్ నా కుర్చీ వెనక కదలకుండా నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. ఒక పిల్ల ఏడుపు పెద్దగా వినిపించింది. సుజాతక్క గుజరాతీలో అరిచినట్టే అడిగింది, "సిస్టర్, చాలూ కర్యుఁ?" మొదలుపెట్టావా అని.

జవాబు చెప్పిన గొంతు విసుగ్గా ఉంది. "నా రే. నస్ నథీ మళతీ."

నరం దొరకడం లేదట.

ఆ తర్వాత కాసేపు ఏమీ అర్థం కాలేదు. ఏడుపు, మాటలు, ఏదో లోహపు స్టాండు చప్పుడు. అప్పుడు సుజాతక్క గొంతు, రొప్పుతూ, "ఎక్కియ్యలేదే స్వప్నా. బ్యాగు నా చేతుల ఉంది. ఒక్క చుక్క పోలే."

"అక్కా" అన్నాను. ఆమే ముందు తేరుకుని, "మిగిలిన బ్యాగులు గూడ చూసినవా?" అంది. చూశాను. నాలుగోది కూడా సరిగానే ఉంది.

పిల్లకు రెండుసార్లు సూది గుచ్చినా నరం దొరకలేదట. వాళ్లమ్మ "ఐదు నిమిషాలు ఆగండి, ఏడుపు ఆపనివ్వండి" అని సిస్టర్ చెయ్యి పట్టుకుందట. ఆ ఐదు నిమిషాల్లోనే సుజాతక్క మెట్లెక్కింది.

మిగిలింది మామూలు పని. ఫైర్‌వాల్‌కు కొత్త చిరునామా చెప్పాను. మూడో పాడ్ డేటాబేస్‌ను అందుకుని తన క్యూను పంపింది. సెంటర్ డాక్టర్‌కు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. ఆమె ఆ రోజు ఇష్యూ అయిన ప్రతి బ్యాగునూ రిజిస్టరుతో సరిచూయించింది. జియా రక్తం గ్రూపుకు సరిపడే మరో బ్యాగు ఆ ఫ్రిజ్‌లోనే ఉంది. నాలుగింటికి ఎక్కించారు. ఈసారి నరం మొదటి ప్రయత్నంలోనే దొరికిందని సుజాతక్క మెసేజ్ పెట్టింది.

మర్నాడు రిపోర్టు రాశాను. హెల్త్ చెక్ రాసింది, నోడ్ మార్చింది, మొదటి ఫోన్‌ను పట్టించుకోనిది నేనేనని పేరు పెట్టి రాశాను. హార్దిక్‌భాయ్ చదివి, "ఇలాగే పంపుదామా?" అన్నాడు. ఈ ఖాతా పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పంపాం. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు డాక్టర్ మమ్మల్ని పిలిపించింది. "మా దగ్గర తప్పు జరిగితే మేమూ ఇలాగే రాస్తాం. రాయనివాళ్లతో అయితే పనిచేయలేను" అంది. తర్వాత, "హోల్డ్ పెట్టినప్పుడు ఫోన్ చేయడం మళ్లీ మొదలుపెట్టాను. మీ సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా ఇక ఆపను" అంది. నాకు గుండెల మీది బరువు దిగినట్టయింది.

పిల్ల తల్లికి డాక్టరే స్వయంగా అన్నీ చెప్పింది. ఆమె పేరు రేఖాబెన్, కోసాడ్ కాలనీలో ఉంటుంది, ఇంట్లోనే చీరలకు లేసు కుట్టే పని. అంతా విని, ఎవరినీ తిట్టలేదట. ఒక్కటే అడిగిందట: "మూడు వారాల తర్వాత మళ్లీ తీసుకురావాలి కదా. అప్పుడు ఇలా జరగదని ఎలా తెలుస్తుంది?"

డాక్టర్ ఆ ప్రశ్నను నాకు అప్పగించింది. మూడు వారాలు దాని మీదే పనిచేశాను. ముందుగా ఆ నకలు చూపించే ఏర్పాటును మార్చాను. ఇప్పుడు డేటాబేస్ అందకపోతే పాడ్ "నాకు తెలియదు" అని స్క్రీన్ నిండా చెబుతుంది, ఇష్యూ చేయనివ్వదు. ఆసుపత్రివాళ్లకు ఖాళీ స్క్రీన్ కనబడకూడదని ఒకప్పుడు నేను పడిన తాపత్రయం మంచిదే. కానీ నిన్నటి జవాబును ఇవాళ్టిదిగా చూపించడం కంటే ఖాళీ స్క్రీన్ వెయ్యి రెట్లు నయం. ఖాళీ స్క్రీన్ చూసిన మనిషి ఫోన్ చేస్తుంది. పచ్చ గుర్తు చూసిన మనిషి బ్యాగు పంపిస్తుంది.

తర్వాత క్లస్టర్ పరీక్ష మార్చాను. లేని ఆసుపత్రి ఒకటి, లేని ఫ్రిజ్ ఒకటి, అందులో లేని బ్యాగు ఒకటి సృష్టించాను. కొత్త వెర్షన్ ఎక్కించిన ప్రతిసారీ ఈ పరీక్ష ఆ బ్యాగు మీద హోల్డ్ పెట్టి, వెంటనే ఒక్కో పాడ్‌నూ నేరుగా అడుగుతుంది: "ఈ బ్యాగు ఇవ్వవచ్చా?" ఒక్కటి "ఇవ్వవచ్చు" అన్నా కొత్త వెర్షన్ అక్కడే ఆగిపోయి, పాతదే తిరిగి వస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు, కావాలనే ఫైర్‌వాల్‌లో ఒక చిరునామా తీసేసి చూశాను. పాడ్ ఎర్రబడింది, పని ఆగింది. ఎర్ర గుర్తు చూసి చప్పట్లు కొట్టింది నా ఉద్యోగంలో అదే మొదలు.

పాడ్‌లను "బాగున్నావా?" అని అడగడం మర్యాద మాత్రమే. వాటి పనేమిటో ఆ పనే చేయించి చూస్తే తప్ప వాటి ఆరోగ్యం తెలియదు. ఇది నాకు నేర్పింది ఏ ట్రైనింగూ కాదు, కాయితం మీద పన్నెండు అంకెలు రాసుకున్న ఒక టెక్నీషియన్. వాడేవాళ్లు తేడాగా ఉందంటే ఇప్పుడు నేను బ్రౌజర్ మూసి తెరవమనను. ముందు "ఏం కనబడుతోందో చెప్పండి" అని కాగితం తీసుకుంటాను.

మూడు వారాలకు జియా వచ్చే రోజున నేను ఆ ఆసుపత్రికి వెళ్లాను. అనుకోకుండా ఆ రోజు ఉదయమే మరో కొత్త వెర్షన్ ఎక్కించి ఉన్నాం. జియాకు ఏడేళ్లు, రెండు పిలకలు. మంచం మీద కూర్చుని వాళ్లమ్మ ఫోన్‌లో బొమ్మలు చూస్తోంది. నేనెవరో సుజాతక్క చెప్పింది. రేఖాబెన్‌ను క్షమించమని హిందీలో అడిగాను. ఆమె ఆ మాటను పక్కన పెట్టి, "నా ప్రశ్నకు జవాబు చెప్పు" అంది.

చెప్పాను. లేని బ్యాగు గురించి, మూడింటినీ విడివిడిగా అడగడం గురించి, ఒక్కటి తప్పు చెప్పినా అంతా ఆగిపోవడం గురించి. పాడ్, క్లస్టర్ అనే మాటలు లేకుండా చెప్పడానికి కాస్త తడబడ్డాను. ఆమె మధ్యలో ఆపి రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది.

చివరికి, "ఈ రోజు అడిగారా?" అంది.

"అడిగాం. పొద్దున తొమ్మిదిన్నరకు."

"మూడూ సరిగానే చెప్పాయా?"

"మూడూ సరిగానే చెప్పాయి."

ఆమె తల ఊపింది. పిల్ల చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుని, ఆ చిన్న చేతిని దిండు మీద చాపి, సిస్టర్ వైపు తిరిగి, "పెట్టండి" అంది.